వేపాకు నమిలిన గంట

కిషన్‌బాగ్‌లో మేము అద్దెకున్న ఇంటికి జూ గోడ పెద్ద దూరం కాదు. తెల్లవారుజామున సింహం గర్జిస్తే మా ఇంటికొచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్ళు. మేము అటు తిరిగి పడుకునేవాళ్ళం. సింహం గోడ అవతల ఉంది, దానికి వేళకి మాంసం పెట్టే మనుషులున్నారు. మా భయమల్లా పాములతోనే. ఇంటి వెనక ముళ్ళకంపలు, పాత ఇటుకల గుట్టలు, అవి దాటితే మూసీ. వానలు మొదలయ్యాయంటే నెలకొక పామైనా మా వాకిట్లోకి వచ్చి పోయేది.

ఇది తొంభైల మధ్య మాట. మా నాన్న ప్రభుత్వాఫీసులో గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆఫీసులో ఆయన మాట వినేవాళ్ళెవరూ లేరు గానీ, గల్లీలో మాత్రం ఆయన చెప్పిందే వేదం. కారణం, ఆయనకు పాము మంత్రం వచ్చు. గ్రహణం రోజున పీకల్లోతు గోదావరిలో నిలబడి మేనమామ దగ్గర నేర్చుకున్నారట. పాము కరిచిందని ఎవరొచ్చినా కాదనకూడదు, ప్రతిఫలంగా తమలపాకైనా పుచ్చుకోకూడదు అని నియమం. నేను అప్పుడు ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. మా నాన్నకు మంత్రం వచ్చునని కాలేజీలో తెలిస్తే తల ఎత్తుకోలేనని నా బాధ.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. పాము కనబడినప్పుడు ఏం చెయ్యాలో ఆయనకు తెలిసినంత బాగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఒకసారి స్నానాల గది దగ్గర ఇంత పొడుగు నాగుపాము పడగెత్తింది. మా ఇంటి ఓనరు కర్ర పట్టుకుని రాబోతుంటే మా నాన్న చెయ్యి అడ్డుపెట్టారు. అందరినీ నాలుగడుగులు వెనక్కి నడిపించారు, పరుగెత్తనివ్వలేదు. తూము వైపు నిలబడ్డవాళ్ళను పక్కకు రమ్మన్నారు. "దానికి దారి వదలండి. దారి ఉంటే పోతుంది. కొట్టబోతేనే మీద పడుతుంది" అన్నారు. పావుగంట అందరం బొమ్మల్లా నిలబడ్డాం. అది పడగ దించి తూములోంచి వెళ్ళిపోయింది. ఇటుకలు తీసేటప్పుడు ముందు కర్రతో కదపాలని, కంపల్లోకి వెళ్ళేటప్పుడు నేల అదిరేలా అడుగులు వెయ్యాలని, కనబడని సందులో చెయ్యి పెట్టకూడదని ఇల్లిల్లూ తిరిగి చెప్పేవారు.

కరిచాక ఏం చెయ్యకూడదో మాత్రం ఆయనకు తెలియదు. కరిచిన మనిషిని కూర్చోబెట్టి మంత్రం వేస్తూ వేపాకు నమిలించేవారు. చేదుగా ఉందంటే విషం ఎక్కలేదని, చప్పగా ఉందంటే ఎక్కిందని లెక్క. ఆ లెక్క తప్పని మా పుస్తకంలో ఎక్కడా రాయలేదు గానీ నాకు నమ్మకం లేదు. మా గల్లీలో కరిచేవి ఎక్కువగా విషం లేని పాములు. అందరూ బతికేవారు, పేరు మా నాన్నకు వచ్చేది.

మా పక్క వాటాలో ఒక జంట ఉండేది. ఆయన ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలకు రంగులు వేసేవాడు. పిల్లలం రంగులన్న అని పిలిచేవాళ్ళం. ఎప్పుడు చూసినా గోళ్ళ సందుల్లో ఏదో ఒక రంగు ఉండేది. ఆ ఏడు చవితికి ముందు వాళ్ళ షెడ్డు కురుస్తోందని, బొమ్మల లోపల కట్టే వరిగడ్డి మోపులు కొన్ని తెచ్చి మా వాకిట్లో రేకుల కింద పేర్చాడు. వాన తడికి ఎలకలు ఆ గడ్డిలో చేరాయి. ఎలకల కోసం ఏం చేరుతుందో మా నాన్న చెబుతూనే ఉన్నారు. రంగులన్న నవ్వుతూ తలూపాడు.

ఒక ఆదివారం పొద్దున పది గంటలప్పుడు వాళ్ళావిడ మా గుమ్మంలోకి పరుగున వచ్చింది.

"సారూ, జర జల్ది రాండ్రి. మా ఆయనకు పురుగు ముట్టింది."

"ఎప్పుడు?"

"గిప్పుడే. మోపు ఇప్పుతుంటే చెయ్యి లోపట పెట్టిండు. కుక్కర్ లెక్క బుస్సుమన్నదట."

బుస అలా వినబడిందంటే రక్తపింజరేనని మా నాన్నకు తెలియదని నేననుకోను. తెలిసి కూడా మంత్రాన్ని నమ్ముకున్నారు. రంగులన్నను చాప మీద కూర్చోబెట్టారు. ఎడమ చేతికి, చిటికెన వేలి పక్కన రెండు గాట్లు. మణికట్టు మీద వాళ్ళావిడ లంగా నాడాతో గట్టిగా బిగించి కట్టింది. మా నాన్న ఆ కట్టు విప్పలేదు. వేపరెమ్మ తెప్పించి ఆకులు దూసి నోట్లో పెట్టారు.

"ఎట్లా ఉంది?"

"చేదే ఉన్నది సారూ. మస్తు చేదున్నది."

వాకిట్లో చేరినవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం ఊరుకోలేదు. "నాన్నా, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఇప్పుడే" అన్నాను. "ఆగమ్మా" అన్నారు. మళ్ళీ అన్నాను. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. నలుగురిలో తండ్రికి ఎదురు చెబుతావా అని ఆమె కోపం. మనిషి పోతాడేమోనని నా కోపం. రంగులన్న చెయ్యి మోచేతిదాకా వాచింది. ఆకు మళ్ళీ పెట్టారు, మళ్ళీ చేదన్నాడు. గంట గడిచింది. నేను మా అమ్మ చెయ్యి విదిలించుకుని బయటికొచ్చేసరికి రంగులన్న నమిలిన ఆకు పక్కకు ఉమ్మాడు. పచ్చగా ఉండాల్సిన ఉమ్మి ఎర్రగా ఉంది.

"చిగుళ్ళలోంచి రక్తం నాన్నా" అన్నాను.

మా నాన్న ముఖంలో రంగు పోయింది. ఆ తర్వాత ఆయన మంత్రం మాట ఎత్తలేదు. ఓనరు పరుగున వెళ్ళి ఆటో తెచ్చాడు. మా నాన్న రంగులన్నను ఎత్తుకున్నంత పని చేసి ఆటోలో కూర్చోబెట్టి, మూసీ పక్కనున్న పెద్ద దవాఖానాకు తీసుకెళ్ళారు.

రంగులన్న బతికాడు. మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. ఎడమ చేతికి చిటికెన వేలు, ఉంగరం వేలు నల్లబడి కుళ్ళిపోతే తీసేశారు. గంట ముందు తెచ్చి ఉంటే, అంత బిగించి కట్టకుండా ఉంటే ఆ వేళ్ళు దక్కేవేమో అని డాక్టరు మా నాన్నతో అన్నాడట. ఆ మాట ఆయన వంటింట్లో మా అమ్మకు చెబుతుంటే విన్నాను. ఆయన గొంతు అంత చిన్నబోవడం అంతకు ముందెప్పుడూ వినలేదు. అయినా నాకు జాలి కలగలేదు.

ఎందుకంటే మర్నాటి నుంచే గల్లీ అంతా ఇంకో కథ నడిచింది. రంగులన్న భార్య మా నాన్న కాళ్ళకు దణ్ణం పెట్టి, "మీ మంత్రమే ఆయన పానం నిలబెట్టింది సారూ" అంది. ఆయన కాదనలేదు, అవుననలేదు, లోపలికి వెళ్ళిపోయారు. ఉన్న సంగతి వాళ్ళతో చెప్పమని నేను పట్టుబట్టాను. "చెబుతానమ్మా" అన్నారు. చెప్పలేదు. పరువు పోతుందని భయపడుతున్నారని ఆయన ముఖం మీదే అనేశాను. ఆ రోజు నుంచి ఆయనతో అవసరానికి మించి మాట్లాడడం మానేశాను. కంచం పెట్టేదాన్ని, నీళ్ళు పెట్టేదాన్ని, ముఖం చూసేదాన్ని కాదు. ఒకటి కాదు రెండు కాదు, ఏడాది అలా నడిపాను. పట్టుదలలో నేను ఆయన కూతురినే.

ఆయన మాత్రం ఒక్కరోజు సెలవు పెట్టి ఆ డాక్టరు దగ్గరకే వెళ్ళి కూర్చున్నారు. కరిచిన వెంటనే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కాగితం మీద రాసుకొచ్చారు. మా అమ్మ చెబితే తెలిసింది. అయితే ఏంటట అన్నాను.

మళ్ళీ వానలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం ఓనరు భార్య, మేము ఖాలా అని పిలిచే పెద్దావిడ, గుడ్ల కోసం కోళ్ళ గూటిలో చూడకుండా చెయ్యి పెట్టింది. లోపలున్న నాగుపాము కాటేసింది. ఆమె కేక విని వాకిలంతా పోగయింది. మా నాన్న వచ్చారు. గూటి దగ్గర్నుంచి అందరినీ దూరం జరిపారు. ఖాలాను కదలకుండా కూర్చోబెట్టి ఉంగరం తీయించారు, గాజులు తీయించారు. ఎవరో తాడు తెస్తే వద్దన్నారు, ఎవరో బ్లేడు తెస్తే కోప్పడ్డారు. చెయ్యిని అట్టముక్క మీద ఆనించి కదలకుండా పెట్టారు. ఆటో తెమ్మని ఓనరుకు చెప్పారు.

దవాఖానా అనగానే ఖాలా మొండికేసింది.

"సూయీ నక్కో భాయ్‌సాబ్. ఆప్ పఢ్‌కే ఫూంక్ దేవ్, బస్."

సూది వద్దట, మా నాన్న చదివి ఊదితే చాలట. "మంత్రం వేస్తాను, ముందు ఆటో ఎక్కండి భాభీ" అన్నారు మా నాన్న. ఆమె వినలేదు. రంగులన్న కూడా ఇక్కడే, మీ మంత్రంతోనే బతికాడు కదా, నన్నెందుకు పొమ్మంటారు అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అవునన్నారు. ఆటో వచ్చి నిలబడింది. ఖాలా రెండో చేత్తో రేకుల గుంజను పట్టుకుని కదలడం లేదు.

మా నాన్న జనంలోకి చూశారు. రంగులన్న అక్కడే ఉన్నాడు. వెళ్ళి అతని ఎడమ చెయ్యి పట్టుకుని ఖాలా ముందుకు తెచ్చారు.

"భాభీ, ఈ చెయ్యి చూడండి. ఈ వేళ్ళు పాము తీయలేదు. నేను తీశాను. గంటసేపు వేపాకు నమిలిస్తూ ఇక్కడే కూర్చోబెట్టాను. అప్పుడే పంపి ఉంటే ఇవి ఉండేవి. ఈయన బతికింది సూదితో, నా మంత్రంతో కాదు. నా మంత్రంలో ఏమీ లేదు. లేవండి."

ఖాలా ఆ చేతిని చూసింది, మా నాన్న ముఖం చూసింది. గుంజ వదిలేసింది. ఆటోలో ఆమె పక్కన మా అమ్మ కూర్చుంది. ఖాలా ఐదో రోజున ఇంటికొచ్చింది. చేతికేమీ కాలేదు.

ఆటో మలుపు తిరిగాక జనం ఒక్కొక్కరే జారుకున్నారు. మా నాన్న మెట్టు మీద కూర్చుండిపోయారు. రంగులన్న పోలేదు. వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"ఈ మాట నీతో ముందే చెప్పాల్సింది" అన్నారు మా నాన్న. "చెప్పలేకపోయాను."

"నాకు ఎరుకే సారూ. డాక్టరు నాకు గప్పుడే చెప్పిండు."

మా నాన్న తలెత్తి చూశారు. "మరి ఏడాదిగా ఒక్క మాట అనలేదే?"

"ఏమనాలె సారూ? నన్ను సంపాలని కూసోబెట్టిండ్రా ఏంది? గా దినం ఆటోల నాకంటె ఎక్కువ మీరే వణికిండ్రు. దవాఖాన దాంక నా చెయ్యి మీ ఒళ్ళె పెట్టుకున్నరు. నేను జూస్తనే ఉన్న."

మా నాన్న ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చారు. రంగులన్న "ఊకోండ్రి సారూ, ఊకోండ్రి" అంటూ వీపు నిమిరాడు. వేళ్ళు పోయినవాడు ఏనాడూ వెయ్యని శిక్షను, అతని తరఫున నేను ఏడాది పాటు మా నాన్నకు వేశాను. నేను లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాను. "నాన్నా, తాగండి" అన్నాను. ఆయన అందుకోవడానికి చాలాసేపు పట్టింది.