పక్క జాగలో లేని నా కొడుకు

ఇన్నేళ్లూ ఈ బరువు దించుకోలేకపోయాను. నాకు అక్షరాలు రావు కదా, ఎట్లా రాస్తాను అనుకునేదాన్ని. పోయిన ఏడాది, మహిళా సంఘం వాళ్లు మధ్యాహ్నాలు నడిపే బడిలో అవీ వచ్చాయి. అయినా చెయ్యి కదలలేదు. అంటే అడ్డుపడింది అక్షరాలు కాదన్నమాట. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

జనగామలో మాకు వరుసగా మూడు కిరాయి గదులున్నాయి. భర్త పోయాక నా బతుకు వాటి మీదే. పక్కన పెద్ద ఖాళీ జాగ. ఒకాయన దాన్ని కొని నాలుగంతస్తులు లేపుతానన్నాడు. అన్నీ చిన్న చిన్న ఇళ్లు, కూలీలు కూడా కట్టగలిగే కిరాయి. నా గదుల్లో ఒకదాంట్లో కిరాయికి ఉండే ఎల్లవ్వ మార్కెట్లో కూరగాయలు అమ్మేది. పైఅంతస్తు తీసుకుంటానని, అక్కడ గాలి బాగా వస్తుందని మురిసిపోయేది.

అన్ని ఇళ్లు లేస్తే నా గదుల్లోకి ఎవరొస్తారు?

ఆ భయంతోనే నల్లా దగ్గర ఒక మాట అన్నాను. పసిగుడ్డుగా పోయిన నా కొడుకును ఆ జాగలోనే పాతిపెట్టామని. అంత చిన్నపిల్లలను కాల్చరు. గుర్తూ పెట్టరు. కాదని ఎవరు చెప్పగలరు? నిజానికి వాడు దంతాలపల్లిలో, మా అమ్మగారి చేను గట్టు కింద ఉన్నాడు.

ఆ సాయంత్రం ఎల్లవ్వ వచ్చి నా చేతులు పట్టుకుంది.

"అక్కా, గింత దుఃఖం కడుపుల పెట్టుకొని ఎట్ల ఉన్నవే?"

"ఏం జేస్తనే, నా రాత."

"నీ కొడుకు మీద పొయ్యి పెట్టి నేను బువ్వ వండుకుంటనా? నాకొద్దు గా ఇల్లు. ఎవ్వలను పోనియ్య."

అన్నట్టే చేసింది. ఆ ఇళ్లు తీసుకుంటామన్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. కట్టాలనుకున్నాయన విసిగి వెళ్లిపోయాడు. జాగలో తుమ్మలు మొలిచాయి. నా గదుల్లో ఉన్నవాళ్లకు వేరే దిక్కు లేదని తెలిసి నేను కిరాయి పెంచాను. మళ్లీ పెంచాను. కట్టలేక ఎల్లవ్వ పిల్లలతో స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లిపోయింది. ఇప్పుడు రోజూ గంపతో రైలెక్కి మార్కెట్‌కు వస్తుంది. ఇల్లు ఖాళీ చేసిన రోజు, నా కొడుకు కోసమని, ఆ జాగలో బంతిపూలు పెట్టి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నోరు ఎందుకు తెరవలేదు?

మధ్యాహ్నం కునుకులో ఆ లేని ఇళ్లు లేస్తాయి. పిట్టగోడల మీద తడి చీరలు ఊగుతుంటాయి, మెట్ల నిండా పిల్లలు, అందరికన్నా పైన ఎల్లవ్వ గాలికి జుట్టు ఆరబెట్టుకుంటూ ఎటో చూస్తుంటుంది. గట్టు కింద పడుకున్నవాడిని ఎందుకు లేపావు అని ఎవరో అడుగుతారు. ఎవరది? నా గొంతే.

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపాను.

ఈ పొద్దున మార్కెట్‌కు వెళ్లాను. ఎల్లవ్వ వంకాయల మీద నీళ్లు చల్లుతోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూడలేదు. ఎవరో బేరానికి వస్తే తూచి ఇచ్చింది. క్షమించమని నేను అడగలేదు. ఎన్నాళ్లకో ఊపిరి లోపలిదాకా వెళ్లింది. అప్పుడు మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా, పక్క గంపల వాళ్లందరికీ వినబడేలా.