సారు నేర్పని దరువు

మా డప్పు సారు పోయారన్న సంగతి ఆదివారం పొద్దున, క్లాసుకు బయల్దేరుతుంటే తెలిసింది. భుజాన డప్పు, చేతిలో స్కూటీ తాళాలు. ఫోన్‌లో సారు భార్య, "ఇయ్యాల క్లాసు లేదు బిడ్డా. మీ సారు లేడు," అని పెట్టేశారు. ఆ రోజు నుంచి నా వేళ్లు ఊరుకోవడం లేదు. బల్ల మీద, గ్యాస్ గట్టు మీద, ఎక్కడ ఆనితే అక్కడ కొడుతూనే ఉన్నాయి.

నాచారంలో మూతపడ్డ ఓ రేకుల షెడ్డు, దాని వెనక ఖాళీ జాగా. అదే మా బడి. సారు ఒకప్పుడు ఆ వీధిలోనే ఓ ఫ్యాక్టరీలో మిషన్ నడిపేవారు. ఇనుప కడ్డీ పడి దెబ్బతిన్న కుడికాలు కొంచెం ఈడ్చేవారు. భోజనాల వేళ టిఫిన్ డబ్బా మీద ఆయన వాయింపు విని, బతుకమ్మకు తమకూ నేర్పమని తోటి ఆడవాళ్లు వెంటపడ్డారట. "నేనేమన్న పంతులునా? ఇడిసిపెడ్తేగా వాళ్లు!" అని నవ్వేవారు.

నేను చేరేసరికి నలభై దాటాయి. ఏ పని మొదలుపెట్టినా ఇది నాకు అవసరమా అని వందసార్లు అడుక్కునే మనిషిని. సారు తొలిరోజు డప్పు ఇవ్వనేలేదు. "ముందు నా ఎంబడి నడువు" అన్నారు. ఆయన ముందు, మేం అయిదుగురం వెనక. మరుసటి వారం అడుగుకో దెబ్బ. అదే మొదటి పాఠం, నడక దరువు. నాకు తొందరెక్కువ. ప్రతిసారీ ముందుకు పోయేదాన్ని.

"ఏంది మేడం, బస్సు పోతుందా?" అనేవారు సారు.

గడ్డి మంట మీద సెగ చూపించిన డప్పు ఒకరోజు నా చేతుల్లో ఖణేల్‌మంది. పగలబడి నవ్వాను, ఎందుకో తెలీదు. "గీ నవ్వు కోసమే నేర్పుడు" అన్నారు సారు.

ఒక్కటి మాత్రం నేర్పలేదు. చావు దరువు. నేను ఊరుకోలేదు. నోట్‌బుక్ తెరిచి, "అదీ రాసుకుంటే మీ తర్వాత పోకుండా ఉంటుంది సార్" అన్నాను.

సారు పుల్లలు కింద పెట్టారు. "మా నాయినకు జరమొచ్చినా ఊరోళ్లు ఇడువకపోదురు. ఊర్ల ఎవరింట్ల పీనుగ లేసినా పోయి కొట్టాలె. నేనది కొట్టనని ఉప్పల్ల అందరికీ ఎరుకే. గది నా తోటే పోనియ్యి బిడ్డా."

సిగ్గుతో రెండు ఆదివారాలు వెళ్లలేదు. మూడో వారం ఆయనే ఫోన్ చేశారు. "ఏందమ్మా, బస్సెక్కి పోయినవా?" అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆయన పోయిన ఆ ఆదివారం, ఉప్పల్‌లో వాళ్లింటి ముందు పాడె సిద్ధమైంది. సారు బావమరిది మా వైపు తిరిగి, "శిష్యులున్నరు గద, కొట్టుర్రి. సప్పుడు లేకుంట ఎట్ల తీస్కపోతం?" అన్నాడు. అయిదుగురం మొహాలు చూసుకున్నాం. మాకొచ్చినవన్నీ పండగ దరువులు, పెళ్లి దరువులు. వాటిని ఇక్కడ కొట్టొచ్చా? ఆయన వద్దన్నాక అసలు చావుకు కొట్టొచ్చా?

సారు భార్య కొంగుతో మొహం తుడుచుకుని అన్నారు: "ఆయన ఒద్దన్నది మీకెట్లొస్తది? మొదలు నేర్పింది లేదా, గది కొట్టుర్రి."

నడక దరువు కొట్టాం. అలవాటుగానే నేను ఉరికాను. పాడె మోసేవాళ్ల అడుగులూ ఉరికాయి. వెనక నుంచి ఆమె గొంతు: "జర మెల్లగ బిడ్డా. ఆయన గంత జోరు ఎన్నడు నడిసిండు?"

చెయ్యి తగ్గించాను. పక్కన నడుస్తున్న ముసలాయన ఒకరు, సారుకు పాత జతగాడట, చెవి ఇటు పడేసి విన్నాడు. "గీ రెండో దెబ్బ జర ఆగి పడుతుందేంది? గిట్ల నేనేడ ఇనలే."

సారు ఇట్లాగే నేర్పారు అనబోయి ఆగిపోయాను. సారు ఎడమకాలు వేసి, కుడికాలు ఈడ్చి వేసేవారు. మేం ఆ అడుగులు చూసి నేర్చుకున్నాం. దరువే అంత అనుకున్నాం.

ఇది రాయడం కూడా ఆ నోట్‌బుక్ లాంటి పనేనా అని అనుమానంగానే ఉంది. ఉండనీ.

మెట్రో పిల్లర్ల కింద మలుపు తిరిగాం. ఎప్పుడూ ముందు నడిచే మనిషి ఆ రోజు మా వెనక, నలుగురి భుజాల మీద ఉన్నారు. మా చేతుల్లో మాత్రం ఒక దెబ్బ పడుతోంది. కాస్త ఆగి, రెండోది.