ముళ్ళకంప ఒక ఇల్లు వెనక్కి జరిగింది

శుక్రవారం, పొద్దున్న ఏడు గంటలు. కరోనా వచ్చిన మొదటి ఏడాది, రోహిణి కార్తె ఎండలు ముదురుతున్న వారం. తాండూరు రోడ్డు మీద నుంచి మా ఊరికి తిరిగే బాటలో, మేమే నరికి అడ్డంగా పడేసుకున్న తుమ్మకంపకు అవతల నా కూతురు, అల్లుడు, మూడేళ్ళ మనవడు వచ్చి నిలబడ్డారు. వేళ ఇంత గట్టిగా ఎట్లా గుర్తుందంటే, అంతకుముందు మా ఊరికి వేళ చెప్పేది వికారాబాద్ వైపు పోయే పొద్దుటి రైలు కూత. ఆ నెలల్లో రైళ్ళు లేవు, కూత లేదు, అందుకని ఊరంతా మాటిమాటికీ ఫోను తీసి టైము చూసుకోవడం అలవాటు చేసుకుంది.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మొన్న పంచాయతీ ఎన్నికలప్పుడు మా పక్కింటివాళ్ళ పెద్దకొడుకు మెడలో కండువా, చేతిలో కాగితాల కట్టతో వచ్చి, మా అరుగు మీద కూర్చొని చాయ్ తాగుతూ పాత సర్పంచును గురించి ఒక మాటన్నాడు.

"రోడ్డెయ్యలే, మురికినీళ్ళ మోరి కట్టలే, లైట్లు పెట్టలే. గన్నేండ్లు కుర్చీల కూసొని ఏం జేసిందో నువ్వే చెప్పు పెద్దమ్మా."

నేను మొహమాటపడే మనిషిని కాను. గ్లాసు ఖాళీ చేసి లెమ్మన్నాను. వాడు నవ్వుకుంటూ పోయాడు గానీ ఆ మాట మాత్రం నా అరుగు మీదే కూర్చుండిపోయింది.

ఆ పాత సర్పంచు ఎవరో కాదు, మా మరిది కోడలు. పూడూరు వైపు నుంచి మా ఇంటికి వచ్చిన కొత్తలో, పదో తరగతి చదివిన పిల్ల కదా అని మా ఆడవాళ్ళకు రాత్రిబడి చెప్పమన్నారు. నలభై దాటిన చేత్తో నేను పలక పట్టింది ఆమె అరుగు మీదే. కంది కోసి, కలుపు తీసి మొద్దుబారిన నా వేళ్ళకు అక్షరం వంపు తిరగక వంకరపోతుంటే ఆమె ఎన్నడూ నవ్వలేదు. మా అత్త నవ్వేది. మా అత్త ఆ అరుగు చివర కాళ్ళు చాపుకొని, మేము దిద్దుకుంటున్నంతసేపూ తన చిన్నప్పటి ముచ్చట్లు చెప్పేది, అందులో గత్తర ముచ్చట ఒకటి. గత్తర అంటే కలరా. అది ఊరిమీద పడ్డప్పుడు బాగున్నవాళ్ళంతా ఇళ్ళు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకునేవారట, జబ్బుపడ్డవాళ్ళకు ఇళ్ళు వదిలేసేవారట, ఒక బండ మీద అంబలి ముంత పెట్టి దూరం జరిగితే వాళ్ళు వచ్చి తీసుకునేవారట. మేమందరమూ విన్నాం. ముసలామెకు పొద్దుపోక చెప్తున్న కథ అనుకొని విన్నాం. అందులో పనికొచ్చేది ఉందని ఎరిగింది ఆ పిల్ల ఒక్కతే, అదీ ఇన్నేళ్ళ తరువాత తెలిసింది మాకు.

కరోనా సంగతికి వస్తే, ఆ ఏడు ఉగాది పచ్చడి తాగిన నాడే మా ఊరి బాట మీద కంప పడింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అట్లాగే చేశాయి, కాబట్టి మేమూ చేశాం. మొదట్లో మాకు దేనికీ తెలివి లేదు. ఎవరూ గుంపుగా కూడవద్దని డప్పు కొట్టించి చాటింపు వేయిస్తే, ఆ చాటింపు ఏమిటో వినడానికి ఊరు ఊరంతా ఇళ్ళల్లో నుంచి వచ్చి డప్పు చుట్టూ భుజం భుజం రాసుకొని నిలబడ్డాం. నేను ముందు వరసలోనే ఉన్నాను. సర్పంచు అది చూసి నెత్తి కొట్టుకొని, మరునాటి నుంచి డప్పు ఆపించి ఆటోకు మైకు కట్టించింది. కంప దగ్గర కర్రలు పట్టుకొని కాపలా కూర్చున్న మగవాళ్ళ సంగతి మరీ అన్యాయం. ఊళ్ళోకి పురుగును రానివ్వమని మీసం దువ్వుకుంటూ, అందరూ కలిసి ఒక్కటే చుట్టను వరసగా పీల్చుకునేవారు. ఆమె ఒకనాడు వెళ్ళి ఆ చుట్ట అందుకొని మట్టిలో పొడిచి, "కరోనా రోడ్డు మీదికెళ్ళి రావాల్నా? మీ మూతులకాణ్ణే తిరుగుతది గదా" అంటే, మరునాటి నుంచి ఎవరి చుట్ట వాళ్ళే తెచ్చుకున్నారు.

ఇక నా బిడ్డ. అల్లుడు పూనాలో కొత్త ఇళ్ళకు బండలు పరిచే పని చేసేవాడు. మా వైపు రాయే అక్కడికి లారీల్లో పోయేది, మా వైపు మనిషే దాన్ని అక్కడ పరిచేవాడు. పని బందై, తిండికి ఎల్లక, కొంత నడిచి, కొంత ఉల్లిగడ్డల లారీ మీద కూర్చొని జహీరాబాద్ దాకా వచ్చారు. ఆ లారీ డ్రైవరు కన్నడం తప్ప ఇంకో మాట రానివాడట, కానీ పిల్లవాడికి తన రొట్టెలో సగం విరిచి పెట్టాడని నా బిడ్డ ఇప్పటికీ చెప్తుంది. అక్కడి నుంచి మొదట అల్లుడి సొంత ఊరికే పోయారు, మర్పల్లి అవతల. ఆ ఊరివాళ్ళు బాటకు అడ్డంగా కందకం తవ్వి ఉంచారు. కన్నతండ్రి ఆ ఒడ్డున నిలబడి ఏడ్చాడే తప్ప రమ్మనలేకపోయాడు. ఒక పాల ఆటో అతను జాలిపడి తాండూరు రోడ్డు మీద దింపితే, మా కంప దగ్గరికి వచ్చారు. అప్పటికే అల్లుడికి ఒళ్ళు కాలిపోతోంది.

మనవడు నన్ను చూసి అమ్మమ్మా అని చేతులు చాపాడు. నేను ఆలోచించలేదు, కంప పట్టుకొని గుంజబోయాను. కాపలావాళ్ళు అరిచారు, ఇంటి కప్పుల మీద నుంచి ఆడవాళ్ళు అరిచారు. నిన్నటిదాకా నాతో కలిసి పత్తి ఏరినవాళ్ళే. వాళ్ళను నేనిప్పుడు తప్పు పట్టను, వాళ్ళ ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు. అయితే ఆ అరుపులు విన్న అల్లుడి మొహం ఎట్లా మాడిపోయిందో నేను చూశాను. అల్లుడంటే మా దగ్గర ఊరందరికీ అల్లుడే, వాకిట్లో ఒక గడియ నిలబెట్టినా చుట్టరికం తెగిపోతుంది. అతను పిల్లవాణ్ణి నా బిడ్డ చేతుల్లో నుంచి లాక్కొని భుజాన వేసుకున్నాడు.

"మా ఊరోళ్ళు కందకం తవ్విర్రు, మీ ఊరోళ్ళు కంపేసిర్రు. పా, మళ్ళ పూనాకే పోదాం. చస్తే ఆడ్నే సద్దాం."

అని వెనక్కి తిరిగాడు. కాళ్ళు తడబడుతున్నాయి. ఆ ఎండలో, ఆ జ్వరంతో, ఆ రోడ్డు మీద మధ్యాహ్నం దాకా కూడా బతకడని నాకు తెలిసిపోయింది. ఇటు చూస్తే ఊరు, అటు చూస్తే నా బిడ్డ పసుపుకుంకాలు. నేను కంప పట్టుకొని అట్లాగే ఉండిపోయాను, అరచేతుల్లో ముళ్ళు దిగుతున్నా తెలియలేదు.

అప్పుడు వచ్చింది మా మరిది కోడలు. వాళ్ళ ఇల్లు బాట మొదట్లోనే, కంపకు ఇవతల మొట్టమొదటి ఇల్లు. మూతికి కొంగు చుట్టుకొని, నడుమున నీళ్ళ బిందె, చేతిలో ఇత్తడి చెంబు. కంపకు పక్కనున్న సందులో నుంచి చెయ్యి చాపి, బిందె చెంబు రెండూ అవతలనున్న బండ మీద పెట్టింది.

కాపలావాళ్ళలో ఒకడికి అర్థమైంది. "వదినా, నీళ్ళియ్యకు!" అని కేకేశాడు. "కాళ్ళకు నీళ్ళిస్తే ఇగ లోపటికి రానియ్యాలె!"

"రానియ్యనీకే తెచ్చిన," అన్నది ఆమె. ఆ తరువాత అల్లుడి వైపు తిరిగి, "అన్నా, జర ఆగు. ఆడిబిడ్డను తోలుకొని అత్తగారూరికొచ్చి కాళ్ళు గడుక్కోకుండ పోతవా? నాకు నామోషి గాదా?" అన్నది.

మా ఊళ్ళో అల్లుడికి కాళ్ళకు నీళ్ళు ఇవ్వందే లోపలికి పిలవరు. ఒకసారి ఇచ్చాక బయట నిలబెట్టరు. అది ఎంత ముసలివాళ్ళకైనా, ఎంత మొండివాళ్ళకైనా కట్టుబాటే. అల్లుడికీ అంతే, ఇచ్చిన నీళ్ళు కాదని పోతే మళ్ళీ ఈ ఊరి మొహం చూడలేడు. అతను వెనక్కి వచ్చి, పిల్లవాణ్ణి దింపి చెంబు అందుకున్నాడు. నీళ్ళు పాదాల మీద పడగానే కాపలావాళ్ళు కర్రలు దించారు.

కానీ లోపలికంటే ఎక్కడికి? బడిలో అంటే బడి పక్కనే ఇళ్ళున్నాయి. చేనుకాడ కొట్టంలో ఉంచుదామని ఎవరో అన్నారు, అప్పుడు చెప్పింది ఆమె అసలు మాట. కొట్టంలో ఉండేది తాము, తమ ఇంట్లో ఉండేది వీళ్ళు. కంప తీసి తమ ఇంటి వెనక్కి వేయండి, ఇక ఈ ఇల్లు ఊరికి బయట ఉన్నట్టు లెక్క. ఇది విని మా మరిది అరుగు మీద నుంచి లేచి గంతులేశాడు.

"కరోనా నాకొచ్చిందా, ఆళ్ళకొచ్చిందా? నేనెందుకు పోవాలె నా ఇల్లిడిసిపెట్టి?"

"నువ్వు బాగున్నవని పొమ్మంటున్న మామా," అన్నది కోడలు. "బాగున్నోడు యాడనన్న పంటడు. జరమొచ్చినోనికి కప్పు గావాలె, ఫ్యాను గావాలె, లెట్రిన్ గావాలె. అవ్వ చెప్పలేదా, గత్తరల ఇండ్లు ఎవరికిడిసిపెట్టిర్రో?"

అప్పుడు గుర్తుకొచ్చింది మాకు, మా అత్త ముచ్చట. మా మరిది కాసేపు తల్లిని తలుచుకున్నాడో, కోడల్ని తిట్టుకున్నాడో తెలియదు గానీ, తన మంచం తానే నెత్తిన పెట్టుకొని ట్రాక్టరు వైపు నడిచాడు. పోతూ పోతూ, "ఫ్యాను మూడు మీద వెట్టొద్దు, చప్పుడైతది" అని అల్లుడికి చెప్పి మరీ పోయాడు.

నేనూ లోపలికి పోయి బిడ్డతో ఉంటానంటే ఆమె ఒప్పుకోలేదు. పెద్దదానివి, పోతే తిరిగి రావు అని మొహం మీదే చెప్పింది. నా మాదిరే ఆమెకూ నోరు మెత్తన కాదు. నాకు వంట పని అప్పగించింది. పొద్దుమాపూ జొన్నరొట్టెలు చేసి కంప పక్కన ఇంకో బండ మీద పెట్టి దూరం జరిగేదాన్ని, నా బిడ్డ వచ్చి తీసుకునేది. మనవణ్ణి ముట్టుకోలేకపోయాను, కానీ వాడు తింటుంటే చూశాను. ఊళ్ళో జబ్బుల సంగతి చూసే ఆశా కార్యకర్త, మా ఆశమ్మ, ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చి అల్లుణ్ణి వికారాబాద్ తీసుకుపోయింది. ముక్కులో పుల్ల పెట్టి చూసి ఆ రోగమేనని హైదరాబాద్ పంపారు. అతను చిక్కి సగమై, మనిషిగా తిరిగొచ్చాడు. ఇప్పుడు తాండూరులో బండల పాలిషింగ్ దగ్గర పని చేస్తున్నాడు, ఊరికి వస్తే మొదట ఆ చెల్లెను పలకరించిగానీ మా ఇంట్లో అడుగు పెట్టడు.

అసలు గొప్ప ఇదొక్కటే కాదు. ఆ రోజు తరువాత బొంబాయి నుంచి, పూనా నుంచి ఎవరు వచ్చినా దొంగతనంగా పొలాల అడ్డదారిన ఊళ్ళోకి దూరలేదు, దూరాల్సిన పని లేకపోయింది. బాట మీదుగా నేరుగా వచ్చి బండ దగ్గర నిలబడి కాళ్ళకు నీళ్ళు అడిగేవారు. సర్పంచు ఇల్లు నిండితే, వచ్చినవాళ్ళ ఇంటివాళ్ళే సామాను సర్దుకొని చేనుకు పోయి ఇల్లు వదిలేవారు. వచ్చినవాళ్ళకు ఇల్లు, ఉన్నవాళ్ళకు చేను, ఇదే మా ఊరి కట్టుబాటైంది. తొలకరి పడ్డా మా మరిది కుటుంబం కొట్టంలోనే ఉంది, రేకుల మీద వాన చప్పుడుకు నిద్ర పట్టక ముసలాయన పొద్దున్నే వచ్చి కంప ఇవతల నుంచి తన ఇంటిని చూసుకొని పోయేవాడు. పెద్ద చదువులు చదివి పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు టీవీలో దూరం దూరం అని మొత్తుకున్న రోజులవి. దూరంగా ఎవరు పోవాలో చెప్పింది మాత్రం నేను చూసినవాళ్ళలో మా మరిది కోడలొక్కతే. నన్నడిగితే నాయకత్వమంటే అదే, ఇంకేమీ కాదు.

ఇప్పుడు కంప ఉన్నచోట సిమెంటు కమాను లేచింది, రంగు లైట్లు పెట్టారు. ప్రతి ఇంటికీ ఇనుప గేటు. చుట్టం వస్తే ముందు ఫోను చేస్తాడు, లోపల కుళాయి దగ్గర తనే చేతులు కడుక్కుంటాడు, చెంబెడు నీళ్ళు పట్టుకొని ఎదురుపోయేవాళ్ళు లేరు. అవసరం లేదంటారు, లేకపోవచ్చు. కానీ మళ్ళీ అట్లాంటి రోజొకటి వస్తే, ఏ నీళ్ళిచ్చి మనుషుల్ని కట్టేస్తామో నాకు తెలియదు. మొన్నటి మాట చెప్తే కూడా ఆమె కోపం తెచ్చుకోలేదు. పోనీ పెద్దత్తమ్మా, మోరి కట్టలేదన్నది నిజమే గదా అని నవ్వి ఊరుకుంది. ఆమె ఊరుకుంటుంది, నేను ఊరుకోను. ఆ పొద్దు అక్కడ ఎవరెవరున్నారో చెప్పి మరీ ఆపుతాను.

కంపకు అవతల నా బిడ్డ, అల్లుడు, మనవడు. ఇవతల నేను. అరుగు మీద మా మరిది, రెండేళ్ళ కిందట పోయాడు, తన ఇంట్లోనే, ఆ ఫ్యాను కిందే పోయాడు. గడపలో మా తోడికోడలు, ఏడుస్తూనే గిన్నెలు సర్దింది. ట్రాక్టరు మీద మా మరిది కొడుకు, పక్కన వాళ్ళ ఇద్దరు పిల్లలు. చేతిలో జ్వరం చూసే మిషనుతో ఆశమ్మ. కప్పుల మీద మా వీధి ఆడవాళ్ళు. బిందెతో మా మరిది కోడలు. కంప దగ్గర కర్రలు పట్టుకున్న కాపలావాళ్ళు, వాళ్ళల్లో నీళ్ళియ్యవద్దని కేకేసినవాడు, నీళ్ళిచ్చాక తనే వంగి, తుమ్మముళ్ళు చేతుల్లో దిగుతుంటే పళ్ళు బిగించి కంపనంతా ఈడ్చి ఆమె ఇంటి వెనక్కి వేసినవాడు. వాడే మా పక్కింటివాళ్ళ పెద్దకొడుకు, మొన్న మా అరుగు మీద చాయ్ తాగుతూ ఆమె ఏం చేసిందో చెప్పమని నన్ను అడిగినవాడు.