సిద్దిరాములు సారు ప్రోగ్రెస్ కార్డులు

మా సిద్దిరాములు సారు ప్లగ్గున్న ప్రతి వస్తువుకూ పరీక్ష పెడతాడు. నెలకోసారి, మొదటి శనివారం, పొద్దున తొమ్మిదింటికి. కంప్యూటరు, ప్రింటరు, జనరేటరు, కాటా, కెమెరాలు, మంచినీళ్ల మిషను, ఏదీ తప్పించుకోలేదు. పరీక్షయ్యాక మార్కులు వేసి, అట్ట మీద ప్రోగ్రెస్ కార్డు రాసి, దారం కట్టి ఆ వస్తువు మెడలో వేలాడదీస్తాడు. మెడ లేనిదానికి టేపుతో అంటిస్తాడు. ముప్పై అయిదు వస్తే పాసు. మీకు నవ్వొస్తుంది. మూడేళ్లు ఆయన పక్క గదిలో పనిచేసి, అప్పుడు నవ్వండి.

బోధన్ రోడ్డు మీద, ఎడపల్లి దగ్గరున్న పసుపు మిల్లులో నేను ఆఫీసు మేనేజర్ని. పేరు అనిల్‌కుమార్. డిచ్‌పల్లిలో ఎం.కాం. చదివినవాణ్ణి. మిల్లులో ప్లగ్గున్న వస్తువులన్నీ నేను ఎంచి కొనిపించినవే. సారేమో ముప్పై మూడేళ్లు బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. మా ఓనరు రాజేశ్వర్ ఆయన దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు. "ఇంట్ల కూసుంటె కాళ్లు గుంజుతున్నయిరా" అని సారు అన్నాడట, "మా స్టోరు జూసుకోండ్రి సారూ" అని ఈయన తెచ్చి కూర్చోబెట్టాడట. స్టోరు చూసుకొమ్మంటే లోకమంతా చూసుకోవడం మొదలుపెట్టాడు. ఓనరుతో చెప్పుకుందామా అంటే, సారు కనబడితే చాలు, ఆయనే కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకుంటాడు. ఇక నా గోడు ఎవరు వింటారు?

మొట్టమొదటి పరీక్ష నా కంప్యూటరుకే. బస్తాల లిస్టు టైపు చేస్తున్నాను. సారు వచ్చాడు, వంగాడు, ప్లగ్గు పీకాడు.

"సారూ! గదేంది? రెండు గంటల పని వోయింది!"

"నువ్వు మాట్లాడకు, పరీక్ష నీకు గాదు. పోయిన దసరాకు ఏ ఊరికి ఎన్ని బస్తాలు వంపినమో గాన్ని చెప్పమను."

"కంప్యూటరు బందువెట్టి చెప్పమంటె ఎట్ల జెప్తది సారూ?"

"రేపు నిజంగనే కాలిపోతె ఎట్ల జెప్తదో గట్లనే."

నేనేమైనా తక్కువ తిన్నానా? "ఇంకో కాపీ ఉన్నది. పెన్‌డ్రైవుల వెట్టిన" అన్నాను.

"యాడుంది?"

"నిజామాబాద్‌ల. మా ఇంట్ల. బీరువల."

"తాళంచెవి?"

"మా ఇంటామె త్రివేణి కాడ. ఆమె తల్లిగారింటికి మెండోర వోయింది."

"జవాబు ఇంట్ల మర్చిపోయి వచ్చిండు" అని పైకి చదువుతూ రాసుకున్నాడు సారు. "పన్నెండు మార్కులు."

అంతటితో వదిలాడా? కార్డు కింద గీత గీసి, 'తండ్రి లేక సంరక్షకుని సంతకం' అని రాసి నా ముందు పెట్టాడు.

"నేనెందుకు వెట్టాలె సారూ?"

"గీన్ని తెచ్చింది ఎవలు?"

"నేనే."

"మరి తండ్రివి నువ్వే గద."

ఆ లెక్కన నేను పద్నాలుగు మంది మొద్దు పిల్లలకు తండ్రినయ్యాను. ఇంట్లో ఉన్నది ఒక్క కూతురు హర్షిణి, అది క్లాసు ఫస్టు. మిల్లులో మాత్రం నెలనెలా అవమానం. గేటు కెమెరా మూడు నెలలుగా తన అద్దం మీద గూడు కట్టుకున్న సాలీడునే చూపిస్తోందని కనిపెట్టి, 'శ్రద్ధ ఉన్నది, కాని సాలీడు మీదనే. 20' అని రాశాడు. కాటాకు పరీక్ష పెట్టాలని తనే ఎక్కి నిలబడ్డాడు. పోయిన నెలకంటే మూడు కిలోలు ఎక్కువ చూపించింది. నేను లోలోపల సంబరపడుతూ "మిషిను తప్పా, మీ తప్పా సారూ?" అన్నాను. "నడుమ రెండు పెండ్లిండ్లు వడ్డయి" అని ఒప్పుకుని కాటాకు తొంభై వేశాడు. తన మీద మాత్రం ఏ కార్డూ రాసుకోలేదు, అది గమనించండి.

ఆ కార్డులు చదివే ఓపిక నాకెక్కడిది? ఎదురుగా పెడితే సంతకం గిలికి పారేసేవాణ్ణి. మా నాన్న నా కార్డుల మీద అట్లాగే పెట్టేవాడు.

ఒక్కదాన్ని మాత్రం ఆయన చేతికి చిక్కనివ్వలేదు. అది వేలిముద్రతో హాజరు వేసే మిషను. కంపెనీవాళ్లు గోడకు బిగించి సీలు వేసి వెళ్లారు. వేలు పెడితే ఆడగొంతుతో 'థాంక్యూ' అంటుంది. నేను రోజూ పెడతాను, రోజూ అంటుంది. దానికింకా పరీక్షేమిటి? "సీలు తెగితె వారంటీ వోతది, దీని జోలికి రాకుండ్రి" అని అడ్డం నిలబడ్డాను. సారు వాదించలేదు. దాని కార్డు మీద 'గైర్హాజరు' అని రాసి పక్కనే గోడకు అంటించాడు. పై నెలా గైర్హాజరే. ఆ పై నెలా అంతే. అందరికీ హాజరు వేసే మిషనుకు ఎనిమిది నెలలు వరసగా గైర్హాజరు! పసుపు దించడానికి వచ్చిన లారీ డ్రైవర్లు అది చదివి పళ్లికిలించేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఎనిమిదో నెల ఆఖర్న, పసుపు సీజను ముదిరాక, కంప్యూటరులో వసంతమ్మ పేరు ఎగిరిపోయింది. నెలలో పది రోజులు రాకపోతే పేరు దానంతటదే పోయేట్టు ఆ నెలనుంచే నేను పెట్టించాను. వసంతమ్మ వెనక షెడ్డులో పసుపుకొమ్ములు ఏరుతుంది. ఆ షెడ్డువైపు నేను పోయేది దసరాకు ఆయుధపూజ రోజే. శుక్రవారం సాయంత్రం ఆమెను పిలిపించాను.

"పది దినాలు రాలేదని మిషిన్ల ఉన్నది అవ్వా. రేపటిసంది రాకు."

"అయ్యో, నేను దినాం వస్తున్న బిడ్డా! ఏలు వెడ్తున్న. గా మిషిన్ల ఉన్న పొల్లకు నేనంటె వడది. అందరికి థాంక్యూ అంటది, నాకు ఇంకేందో అంటది."

"'ప్లీజ్ ట్రై అగైన్' అంటదా?"

"ఏమో. తిడ్తుందనుకొని తలకాయ వంచుకొని లోపలికి వోతున్న."

"మిషిను అబద్ధమాడది అవ్వా."

"మరి నేనాడుతున్ననా కొడుకా? బీడీల పని తగ్గిందని ఈడికొస్తి. గిది గూడ వోతె పొయ్యి ఎట్ల ఎలుగుతది?"

అబద్ధాలాడేవాళ్లు ఎప్పుడూ ఇట్లాగే ఏడుస్తారనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

మర్నాడు మొదటి శనివారం. వచ్చేసరికి హాజరు మిషను ముందు నలభై మంది ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. చివర్న వసంతమ్మ. పక్కన ఓనరు, చేతులు కట్టుకుని. ముందు సారు.

"ఇయ్యాల దీనికి పరీక్ష" అన్నాడు.

"సారూ, వారంటీ!"

"సీలు ముట్ట. ఏలు వెట్టిపిస్త. ఏలు వెడితె సుత వారంటీ వోతదా?"

నేను ముందుకు దూకి నా వేలు పెట్టాను. 'థాంక్యూ' అంది. "సూసిండ్రా?" అన్నాను ఓనరు వైపు తిరిగి.

"నీ కొడుకును నువ్వే ప్రశ్న అడిగి నువ్వే దిద్దుకుంటె నూరు రాక ఏమొస్తయి? జరుగు" అన్నాడు సారు.

మొదట భాగ్యలక్ష్మి పెట్టింది. ప్లీజ్ ట్రై అగైన్. తుడుచుకుని మళ్లీ పెట్టింది. ప్లీజ్ ట్రై అగైన్. నలభై మందిలో పదకొండు మందిని ఆ మిషను గుర్తుపట్టలేదు. వసంతమ్మ ఏడుసార్లు పెట్టింది. ఏడుసార్లూ అదే మాట. సారు ఆమె చెయ్యి పట్టుకుని నా ముక్కు కిందకు తెచ్చాడు.

"సూడు అనిల్‌కుమార్. ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన చెయ్యి. ఇప్పుడు పొద్దంత పసుపుల ఉంటది. గీతలు అరిగిపోయినయి. పనిజేసి అరిగిన ఏలును వట్టుకొని, పనికి రాలేదంటదా గీ మిషిను? పెట్టినోడివి, ఒక్కనాడన్న ఎవల ఏలు వడ్తలేదని అడిగినవా?"

 

సారు సంచిలోంచి బడిలో వాడే పొడుగు హాజరు పట్టీ తీశాడు. మిషనును పరీక్షకు రానివ్వనని నేనన్న రోజునుంచీ స్టోరు కిటికీలోంచి చూస్తూ, వచ్చినవాళ్లకు వచ్చినట్టు రోజూ టిక్కులు పెడుతున్నాడట. ఓనరు ముందు పట్టీ విప్పి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు.

"వసంతమ్మ!"

ఆమె బిత్తరపోయింది. "నేను బడికి వోలే సారూ. ఏమనాలె?"

"ఉన్న అనాలె."

"ఉన్న సారూ!" అని ఆమె అరిచిన అరుపుకు షెడ్డు మీది కాకులన్నీ లేచాయి. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఆమె వరుసలో ఎనిమిది నెలల్లో ఒక్క ఖాళీ గడి లేదు. ఓనరు అక్కడికక్కడే ఆమె పేరు మళ్లీ ఎక్కించమన్నాడు. నా చేత్తో నేనే ఎక్కించాను.

ఆ మధ్యాహ్నం మిల్లంతా తిరిగి కార్డులన్నీ చదివాను. షెడ్డులో దుమ్మును బయటికి లాగే ఫ్యానుకు ఇరవై రెండు: 'సగం దుమ్ము లోపల్నే. భాగ్యలక్ష్మి దగ్గుతున్నది.' మంచినీళ్ల మిషనుకు ముప్పై: 'ముందటోళ్లకు సల్లటి నీళ్లు, ఆఖరున వచ్చే ఆడోళ్లకు వేడి నీళ్లు.' జనరేటరుకు పద్దెనిమిది: 'ఆఫీసుల లైటు ఎలుగుతది, షెడ్డుల చీకటి.' ప్రతి కార్డు కిందా నా సంతకం! మూడేళ్లు నెత్తీనోరూ కొట్టుకుని చెబుతుంటే, తండ్రినైన నేను చదవకుండా గిలికాను. పిచ్చివాడని ఆయన మీద ఊగిపోయిన కోపమంతా తిరిగి నా మీదే పడింది.

ఇప్పుడు ఫ్యాను మారింది. నీళ్ల మిషను మారింది. మొహం చూసి హాజరు వేసే కొత్త మిషను అమ్ముతామని ఒకాయన వచ్చాడు. కొనకముందే సారు పరీక్ష పెట్టాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కనురెప్పల దాకా పసుపు దుమ్ముతో భాగ్యలక్ష్మి ఎదురుగా నిలబడింది. మిషను చాలాసేపు ఆలోచించింది. పాపం, ఆయన దాన్ని మళ్లీ పెట్టెలో సర్దుకుని వెళ్లిపోయాడు. సరైన మిషను దొరికేదాకా సారు పట్టీయే మాకు దిక్కు.

తరవాతి మొదటి శనివారం నా కుర్చీకి ఒక కార్డు వేలాడుతోంది. పేరు: అనిల్‌కుమార్. హాజరు 100. నోరు 100. చూపు 34.

నాకు చుర్రుమంది. "నాకేమన్న ప్లగ్గు ఉన్నదా సారూ? ఒక్క మార్కుతోని ఫెయిలు చేస్తరా?"

"గ్రేసు మార్కు ఒకటి కలుపుత. తండ్రి లేక సంరక్షకుని సంతకం కావాలె."

"మా నాన్న కాలం చేసి ఆరేండ్లాయె."

"బిడ్డా అని పిలిచేటామె లేదా?" అని షెడ్డువైపు కేకేశాడు.

వసంతమ్మ వచ్చి, స్టాంపు ప్యాడు మీద బొటనవేలు అద్ది, నా కార్డు కింద గట్టిగా నొక్కింది. ఒక్క గీత లేని నున్నటి నీలం మచ్చ పడింది. సారు దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"గుర్తువట్టిన. పాసు" అన్నాడు.

వసంతమ్మ ఆ కార్డు తీసుకుని నా చేతిలో పెట్టి, గొంతు సన్నగా చేసి, అచ్చం ఆ మిషనులో ఉన్న పిల్లలాగే అంది:

"థాంక్యూ."