నీలం పడవ అంచు

మా నాయిన చెక్క సామానుకు పాలిష్ పెట్టే మిస్త్రీ. ముంబై కామాటిపురలో మేముండే చాల్, అంటే గదుల వరుసల పాత భవనం, కిందున్న చిన్న కార్ఖానాలో ముప్పై ఏళ్లు బీరువాలకూ మంచాలకూ మెరుపు తెచ్చాడు. నేను ఫోరస్ రోడ్డు దగ్గర కార్లకు పాలిష్ కొట్టే దుకాణంలో పని నేర్చుకున్నాను. ఆయనది చెయ్యి, నాది మిషన్. ఆయన రెండు రోజులు రుద్దే పని నేను రెండు గంటల్లో చేస్తానని దోస్తుల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి.

వర్లి సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఒక కోళీ పెద్దమనిషి తన ఇంటి తలుపులకు నాయిన చేత పాలిష్ పెట్టించుకున్నాడు. ఆ పని నచ్చి, తన పాత ఫైబర్ పడవను కూడా చూడమన్నాడు. నీలం పడవ. ఎండకూ ఉప్పుగాలికీ వెలిసిపోయింది. వేలితో రాస్తే సుద్దలా తెల్లటి పొడి అంటుకునేది. నాయిన నన్ను తోడు తీసుకుపోయాడు.

మొదటి రోజంతా కడగడం, నీళ్లు పోస్తూ సన్నటి గరుకు కాగితంతో రుద్దడం. రెండో రోజు నేను పాలిష్ మందు పూసి మిషన్ పెట్టాను. ఆ తెలుపు కింది నుంచి నీలం తేలి వస్తుంటే నాయిన పక్కన నిలబడి చూశాడు.

“బాగొచ్చింది బిడ్డా. అంచుల కాడ మాత్రం మిషన్ ఆనియ్యకు. ఆడ పూత పల్చగుంటది. నేను చేత్తోని రుద్దుత.”

“సరే నాయినా.”

ఆయన చాయ్ తేవడానికి పోయాడు. వచ్చేలోగా పని అయిపోయిందనిపించుకుందామని నేను అంచు మీద మిషన్ పెట్టి నొక్కాను. కాలిన వాసన వచ్చింది. ఆపి చూస్తే అరచేయంత మేర నీలం పోయి, అడుగున పసుపుపచ్చటి ఫైబర్ అల్లిక బయటపడింది.

నాయిన చాయ్‌తో రావడం, ఇంట్లోంచి పెద్దమనిషి రావడం ఒకేసారి జరిగాయి. ఇదేంటని ఆయన మరాఠీలో అడిగాడు.

“మా బాబాకు చూపు సరిగా ఆనదు. అంచులు ఆయనే చేస్తానన్నాడు,” అన్నాను నేనూ మరాఠీలోనే.

రెండు మాటలూ విడివిడిగా నిజమే. నాయినకు మరాఠీ నాకన్నా బాగా వచ్చు. చేతిలోని గ్లాసులు గోడ మీద పెట్టి, “తప్పు నాదే. నేనే బాగు చేసిస్తాను,” అన్నాడు.

బస్సులో ఆయన నన్ను అడిగింది ఒక్కటే.

“చెయ్యేమన్న కాలిందా?”

లేదని తల ఊపాను. అప్పుడైనా చెప్పుండవచ్చు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత మూడు రోజులు ఆయన రంగు కలిపి, ఎండలో ఆరబెట్టి చూసి, మళ్లీ కలిపి, ఆ పడవ నీలాన్నే పట్టుకున్నాడు. పూత నింపి చేత్తోనే మెరుపు తెచ్చాడు. పెద్దమనిషి వేలు పెట్టి వెతికినా ఆ చోటు దొరకలేదు. అయినా నాతో, “ఇకముందు నువ్వొక్కడివే రా. ముసలాయన్ని ఇబ్బంది పెట్టకు,” అన్నాడు. నాయిన నాలుగడుగుల దూరంలో నల్లా కింద చేతులు కడుక్కుంటున్నాడు. నేను సరేనన్నాను.

ఆ ఒడ్డున నాకు ఇంకో ఐదారు పడవల పని దొరికింది. నాయినను మళ్లీ తలుపులకు కూడా ఎవరూ పిలవలేదు.

పోయిన వానాకాలం, పడవలన్నీ ఒడ్డెక్కిన రోజుల్లో, పెద్దమనిషికి జరిగింది చెప్పాను. నా మాట అయ్యాక ఆయన అడిగాడు.

“నాకెందుకు చెబుతున్నావు? పోయి మీ బాబాకు చెప్పు.”

ఆ సాయంత్రం నాయిన టీవీ చూస్తున్నాడు. “నాయినా, ఆ నీలం పడవ...” అన్నాను.

“ఎర్కనే,” అన్నాడు, తల తిప్పకుండా.

“ఏం పడవ?” అంది అమ్మ.

ఆమెకు మొదటి నుంచీ చెప్పాను. పెద్దమనిషితో నేను మరాఠీలో అన్న మాటలు కూడా అన్నవి అన్నట్టే చెప్పాను. నాయిన టీవీ సౌండ్ పెంచాడు. వింటున్నంతసేపూ అమ్మ నా వైపు చూడలేదు, ఆయన్నే చూస్తూ ఉంది.