పుర్రె పక్కన వెలుగుతున్న కొవ్వొత్తి

పోయిన మంగళవారం పొద్దున్న పిస్కాటవేలో మా పక్కింటి ఆంటీ నిద్రలోనే కన్నుమూశారు. కబురు విన్నప్పటి నుంచి ఏడుపు కంటే ముందు ఆవిడ వేసిన ఒక కేకే నాకు గుర్తొస్తోంది. ఆ సంగతి మీకు చెప్పాలి.

ఆంటీ ఒక మ్యూజియంలో పాత ముద్రణ చిత్రాల విభాగం చూసుకుని రిటైరయ్యారు, అయినా ఎగ్జిబిషన్ ఉంటే వాళ్లు ఆవిడనే పిలిచేవారు. నా ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, తలుపులు వేసుకుని కూర్చున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బెల్ కొట్టారు. "లే అమ్మాయ్, కార్ తియ్యి. మ్యూజియంకి డ్రాప్ చేసి వెళ్లిపోవడం కాదు, లోపలికి రావాలి."

అక్కడ బల్ల మీద మూడు వందల యాభై ఏళ్ల నాటి బొమ్మ. రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చువేసింది. మెడకు తెల్ల పట్టీలతో ఒక జర్మన్ పాస్టరు, చేతిలో బైబిలు, పక్కన పుర్రె, ఇసుక గడియారం, కొవ్వొత్తి. పాస్టరు పోయాక గీసిన బొమ్మ అని ఏనాడో ఆంటీయే రాసిపెట్టారు. మర్నాడు ఎగ్జిబిషన్ గోడ మీదికి బొమ్మతో పాటు ఆ రాతే ఎక్కబోతోంది.

"పుర్రె ఉందిగా ఆంటీ, పోయినట్టేగా?"

"నేనూ అలాగే పొరపడ్డాను. 'నేనూ పోయేవాణ్ణే' అని ఆయన తనకు తాను చెప్పుకుంటున్నాడేమో! కొవ్వొత్తి చూడు, ఆరిపోయి పొగ రావట్లేదు, వెలుగుతోంది. పై బుడ్డిలో ఇంకా ఇసుకుంది!"

"అయితే మార్చేద్దాం."

"గుర్తులు చాలవమ్మా, బొమ్మలోనే ఎక్కడైనా రాసి ఉండాలి. నా కళ్లు ఆనడం లేదు, నువ్వు వెతుకు," అంటూ భూతద్దం నా చేతిలో పెట్టారు.

గంట తర్వాత, బొమ్మ చుట్టూ చెక్కిన చట్రం అంచున నీడగీతల మధ్య నాకు రెండు లాటిన్ మాటలు దొరికాయి. కూడబలుక్కుని చదివాను: "అడ్... వివుమ్."

ఆంటీ కుర్చీలోంచి ఎగిరి లేచారు. "మనిషిని ఎదురుగా చూసి గీసిందని అర్థం! ఇరవై ఏళ్లుగా బతికున్నవాణ్ణి చంపేశానే అమ్మాయ్!"

తన తప్పు బయటపడితే అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. అక్కడికక్కడే పాత రాత కొట్టేసి, కొత్తది రాసి, కనిపెట్టింది ఈ అమ్మాయేనని నా పేరు చేర్చారు. ఆ సాయంత్రమే నేను మళ్లీ అప్లికేషన్లు పంపడం మొదలుపెట్టాను. గడువు ముగిసే లోపే ఉద్యోగం దొరికింది.

ఆ రోజు మేం మ్యూజియం బయటికొచ్చేసరికి మంచు పడుతోంది. నేను కారు వెనక్కి తీస్తుంటే, చీర మీద స్నో బూట్లు వేసుకున్న ఆంటీ సెక్యూరిటీ గార్డును ఆపి, చేతులూపుతూ "హీ ఈజ్ అలైవ్!" అని కేకేస్తున్నారు. ఎవరికో పెద్ద గండం తప్పిందనుకున్నాడు కాబోలు, ఆ పెద్దాయన టోపీ తీసి గుండెకు హత్తుకుని, ఆవిడతో పాటు నవ్వడం మొదలుపెట్టాడు.