తాటిచెట్ల చోట పదమూడు అంతస్తులు

మొన్న ఆదివారం సముద్రంలో నేను చేసిన ఘనకార్యం ఈపాటికి జాలారిపేట దాటి చేపల మార్కెట్ దాకా వెళ్లిపోయింది. రేపో మాపో మీ చెవిన కూడా పడుతుంది. వాళ్లయితే ఉప్పూకారం దట్టించి చెబుతారు కనుక నేనే చెప్పేస్తాను, టీ తాగుతూ వినండి. నవ్వడం మాత్రం చివర్లో పెట్టుకోండి.

మీకు తెలుసు కదా, ఊరి నడిబొడ్డున మెట్ట మీద లేస్తున్న పదమూడంతస్తుల ఆఫీసు బిల్డింగుకి నేను సైట్ సూపర్‌వైజర్ని. చేపల వేటే బతుకైన మా వంశంలో నేల మీద నిలబడి జీతం తీసుకున్న మొదటి మగాణ్ణి నేనే. ఆ బిల్డింగంటే నాకెంత ప్రేమంటే, సిటీ బస్సులో పోతూ పక్క సీటాయనకి కూడా చూపిస్తాను. ఇందులోకి కంప్యూటర్ కంపెనీలొస్తాయండీ, మన పిల్లలు ఉద్యోగాలకి హైదరాబాద్ రైలెక్కక్కర్లేదండీ అని మొదలెడతాను. పాపం ఆయన దిగాల్సిన స్టాపు దాటిపోయినా వదలను.

అయితే ఈ బిల్డింగు మొదలైన రోజే నా కష్టాలూ మొదలయ్యాయి. ఆ స్థలంలో పాడుబడ్డ బంగళా ఒకటి, దాని వెనక పొడుగాటి తాటిచెట్లు రెండు ఉండేవి. బంగళా సంగతి జేసీబీ చూసుకుంది. తాటిచెట్లు మాత్రం నేనే దగ్గరుండి కొట్టించాను. ఇంటికొచ్చి అన్నం తింటూ గొప్పగా చెప్పుకున్నాను కూడా. తాళ్లు కట్టించి లాగించాను, ఏ పక్క పడమంటే ఆ పక్కే పడ్డాయి, పక్కింటి గోడకి గీత కూడా పడలేదు అని. మా అయ్య నోటి దాకా తెచ్చిన ముద్ద ఆపేసి, ఏ తాటిచెట్లు అని అడిగాడు. మెట్ట మీద జంటగా ఉండేవే, అన్నాను. ముద్ద కంచంలో పెట్టేసి చెయ్యి కడిగేసుకున్నాడు.

సంగతేంటంటే, సముద్రం మీద బోర్డులుండవు కదా. ఒడ్డు కనిపించేంత దూరంలోనే నీళ్ల కింద ఒక రాళ్ల దిబ్బ ఉంది. దాని మీద గాలాలేస్తే వంజరం చేపలు పడతాయి. పక్కకి తప్పితే అంతా బురదే. ఆ దిబ్బని పట్టుకోవడానికి మావాళ్లకి ఒడ్డు మీద రెండు గుర్తులు. ఒకటి లైట్‌హౌసు, అది ఎక్కడికీ పోలేదు. రెండోది ఆ జంట తాటిచెట్లు. వెనక సింహాచలం కొండల మధ్య ఒక పల్లం కనిపిస్తుంది చూడండి, చెట్లు సరిగ్గా ఆ పల్లంలోకి వచ్చేదాకా పడవని జరపాలి. మా తాత ఆ గుర్తు మా అయ్యకి చూపించాడు. మా అయ్య నాకూ చూపించాడట. నాకు పదేళ్లప్పుడు. ఆ సమయంలో నేను పడవ అంచు మీద బోర్లా పడి వాంతులు చేసుకుంటున్నాను, ఏ చెట్టూ చూడలేదు.

అదీ సంగతి. తాతల నాటి గుర్తుని కన్నకొడుకే గొడ్డలి పెట్టి కొట్టించాడు.

ఆ రోజు నుంచి ఏడాదిన్నర పాటు మా అయ్య నాతో నేరుగా మాట్లాడలేదు. ఇద్దరం ఒకే మంచం మీద కూర్చున్నా సరే, వంటింట్లో ఉన్న అమ్మని పిలిచి, ఆడ్ని కాస్త జరగమను అంటాడు. అమ్మ వచ్చి నన్ను జరగమంటుంది. దిబ్బ కోసం అయ్య ప్రతి రోజూ అంచనాగా వెళ్లడం, సీసం గుండుకి తాడు కట్టి వదలడం, అడుగున బురదే తగలడం, మొహం వేలాడేసుకుని తిరిగి రావడం. పడవ ఖాళీగా వచ్చిన రోజు అమ్మ నా కంచంలో కూర కూడా తగ్గించేది. మీ దగ్గర దాపరికమెందుకు, నాకు చాలా బాధగా ఉండేది. చెట్లు పోయినందుకు కాదు, ఆయన నోట నా పేరు పోయినందుకు.

పోయిన నెల పైన లిఫ్టు రూము కట్టడం పూర్తయింది. పాత సర్వే కాగితమూ కొత్త డ్రాయింగూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే బుర్రలో లైటు వెలిగింది. తాటిచెట్లు ఉన్న చోటే లిఫ్టు వచ్చింది! అయితే బిల్డింగు బాగా వెడల్పు కదా, సముద్రం మీంచి చూస్తే ఏ భాగం చూడాలో తెలియొద్దా? అందుకని ఆ నిలువునే పైనుంచి కిందికి ఒక పెద్ద పసుపు టార్పాలిన్ వేలాడదీయించాను. శుక్రవారం కట్టించి, కింద రోడ్డు మీదకెళ్లి నిలబడి చూసుకుని మురిసిపోయాను.

ఆదివారం నన్ను పడవెక్కించుకుంటే దిబ్బ చూపిస్తానని అమ్మ ద్వారా కబురు పెట్టాను. పక్కనే కూర్చున్న అయ్య, ఆడికి వాంతులవుతాయని సెప్పు అన్నాడు. మా అక్క మొగుడు ఎర్రయ్య బావ, పడవ ఇంజిన్ చూసేది ఆయనే, మధ్యలో పడి ఒప్పించాడు.

అయ్య చెప్పినట్టే అయింది. అలలు దాటకముందే పొద్దున్న తిన్న ఇడ్లీలు సముద్రానికి సమర్పించుకున్నాను. తర్వాత మూతి తుడుచుకుని, డ్రాయింగు చుట్ట చంకలో పెట్టుకుని, పడవ ముందు భాగంలో నిలబడ్డాను. క్రేన్ ఆపరేటర్‌కి చూపించినట్టు చేతులతో సైగలు. ఎడమకి బావా, ఇంకొంచెం, కొంచెం వెనక్కి, స్టాప్. పసుపు టార్పాలిన్ కొండల పల్లంలో బొట్టు పెట్టినట్టు కూర్చుంది.

అయ్య నీళ్లలోకి చూసి బావతో అన్నాడు, ఇక్కడ రాయి లేదు, నీళ్ల రంగు సూస్తే తెలుస్తంది, ఆడితో సెప్పు అని. డ్రాయింగు అబద్ధం చెప్పదని ఆయనతో చెప్పు బావా అన్నాను నేను. సీసం గుండు వదిలారు, బురద పూసుకుని పైకొచ్చింది. గుండు పక్కకి జారి ఉంటుందన్నాను. గాలాలు వేశారు. గంట గడిచింది. మొదటి గాలానికి ఏమీ లేదు. రెండో గాలానికి ఎర కూడా లేదు. మూడో గాలానికి ఒక రబ్బరు చెప్పు వచ్చింది. అయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా పక్కన పెట్టాడు.

ఎవరి మొహమూ చూడలేక బిల్డింగు వైపు తిరిగాను. నా బిల్డింగుని సముద్రం మీంచి చూడటం నాకు అదే మొదటిసారి. మెట్ట మీద అంతెత్తున, ఎండలో, ఎంత బాగుందో! డాబా మీద లిఫ్టు రూము పెట్టెలా ముద్దుగా ఉంది. ఎడమ చివర. టార్పాలిన్ ఏమో కుడి చివర ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం మేస్త్రి వచ్చి, కుడి పక్క ప్లాస్టరింగు పచ్చిగా ఉంది, సముద్రం గాలికి తొందరగా ఆరిపోయి పగుళ్లిస్తుంది సార్ అన్నాడు. ఆ పసుపు టార్పాలిన్ విప్పి అక్కడ కట్టేయండి అన్నది ఎవరు? నేనే. ముడులు గట్టిగా ఉన్నాయో లేదో మెట్లెక్కి చూసొచ్చింది ఎవరు? అదీ నేనే.

మేస్త్రి మీద నెట్టేయొచ్చు. ఆయన అక్కడ లేడు కూడా. కానీ ఏడాదిన్నర తర్వాత ఒకే పడవలో కూర్చుని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఎర్రయ్య బావ ఇంజిన్ పిడి వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. పడవ తనంతట తనే ఒక చుట్టు తిరిగింది. అయ్య నవ్వలేదు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని బిల్డింగుని చాలాసేపు చూశాడు.

"ఒరే నూకరాజూ, ఆ పైనున్న పెట్టి ఏటి?"

నేను అలవాటు కొద్దీ బావ వైపు తిరిగి, లిఫ్టు రూమని చెప్పు బావా అన్నాను.

"నిన్నే అడుగుతన్నాను."

ఆయన వైపు తిరిగాను. చెట్లు ఉన్న చోటి మీదే ఉందయ్యా అన్నాను.

"కదల్దు గదా?"

"కదలదయ్యా. కాంక్రీటు."

ఆపైన ఆయన డ్రాయింగు అడగలేదు, నన్నూ అడగలేదు. చుక్కాని తనే పట్టుకున్నాడు. పెట్టె జరుగుతూ జరుగుతూ వెళ్లి కొండల పల్లంలో కూర్చుంది. లైట్‌హౌసు వైపు ఒకసారి చూసి ఇంజిన్ ఆపించాడు. గుండు వదిలాడు. తాడుని రెండుసార్లు పైకెత్తి దించి చూశాడు. ఆ తాడు నా చేతికిచ్చాడు. కింద గట్టిగా, రాయి. మధ్యాహ్నానికి పెద్ద వంజరాలు నాలుగు పడ్డాయి. నేను రెండోసారి వాంతి చేసుకుంటుంటే మా అయ్యే వీపు నిమిరాడు.

తిరిగొచ్చేటప్పుడు బిల్డింగు నుంచి చూపు తిప్పలేదు ఆయన. ఇంకో రెండంతస్తులు ఏస్తే మంచు పొద్దుల్లో కూడా అవుపిస్తాది, మీ ఓనరుతో సెప్పరా అన్నాడు. సరేనన్నాను. నిన్నేమో పేట పెద్దలు నలుగురు సైట్‌కే వచ్చేశారు. నీలం రంగు వేయొద్దట, ఆకాశంలో కలిసిపోతుందట, తెలుపు వేయమని మా ఇంజినీర్ గారికి చెప్పి వెళ్లారు. ఆయన ఇంకా తేరుకోలేదు.

ఇక ఓపెనింగ్ రోజు కోసం ముందర రాతిపలక చెక్కిస్తున్నారు. ఓనరు పేరు, ఆర్కిటెక్టు పేరు ఉంటాయట, సూపర్‌వైజర్ పేరుకి చోటు లేదట. నాకేం బెంగ లేదు. మావాళ్లు సముద్రంలో ప్రతి చోటుకీ ఒక పేరు పెడతారు. ఆ రాళ్ల దిబ్బకి మా తాత పేరుంది, పోలయ్య దిబ్బ అంటారు. నేను స్టాప్ అని పడవ ఆపించిన చోటుకి మా బావ ఒడ్డు దిగకముందే పేరు పెట్టేశాడు. ఇవాళ పొద్దున్న ఒక పడవ మీంచి ఇంకో పడవకి కేకేస్తుంటే నా చెవులారా విన్నాను: "అటెల్లకురా, అది నూకరాజు బురద!"